పరుగుకీ గోల్ఫుకీ మధ్య గోడ

మనవరాలు మార్తా పళ్ళు తోముకునేటప్పుడు ఎక్కే నీలం ప్లాస్టిక్ పీటని శౌరి మాస్టారు పెరట్లోకి తెచ్చుకున్నాడు. సిమెంటు దిమ్మల గోడ పక్కన వేసి, కాలితో నొక్కి చూసి ఎక్కాడు. ఎక్కితే గోడ గడ్డం దాకా వస్తుంది. అవతల పక్కింటి డెస్ అప్పటికే పనిలో ఉన్నాడు. ఉతికిన బట్టలు మోసే బుట్టని గడ్డి చివర పెట్టి, కాస్త దూరం నుంచి గోల్ఫ్ కర్రతో బంతుల్ని ఒక్కొక్కటే అందులోకి లేపుతున్నాడు. లావుపాటి మనిషి. బంతి ముందు నిలబడితే మాత్రం ఆ భుజాలు చంటిపిల్లని ఎత్తుకున్నంత మెత్తగా కదులుతాయి.

"నిన్న ఎక్కడ ఆపాం, జేవియర్?" అన్నాడు తలెత్తకుండానే.

శౌరి అన్నా జేవియర్ అన్నా ఒకటే పేరని తెలిసిన రోజు నుంచీ డెస్ ఆయన్ని అలాగే పిలుస్తున్నాడు. మొదట్లో డెస్ ఇంగ్లీషులో సగమే మాస్టారికి అర్థమయ్యేది. మాటలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి వచ్చేవి. ఇప్పుడు అలవాటైంది. మాస్టారి ఇంగ్లీషు అర్థం చేసుకోవడానికి తనకీ అంతే కష్టమైందని డెస్ చెప్పాక ఇద్దరికీ సమమైంది.

"మీ ఐర్లండ్ డెలానీ దగ్గర ఆపాం," అన్నాడు మాస్టారు. "మెల్‌బోర్న్ ఒలింపిక్స్. పదిహేను వందల మీటర్లు. ఆఖరి చుట్టు గంట కొట్టేదాకా వెనకాల గుంపులో ఎక్కడో ఉన్నాడు. ఆ తర్వాత అందర్నీ దాటుకుని వచ్చి గెలిచాడు. గెలిచి ఏం చేశాడు? మోకాళ్ళ మీద పడి ప్రార్థన చేశాడు. దెబ్బ తగిలిందేమోనని మూడోవాడు లేపడానికి వెళ్ళాడు."

"మా దేశపు మనిషి గురించి నాకే చెప్తున్నావు."

"ఫిరంగిపురం బళ్ళో మా చర్చి ఫాదర్ నాకు చెప్పారు. నేను డ్రిల్లు మాస్టారినయ్యాక, రిటైరయ్యేదాకా మా పిల్లలకి చెప్పాను. మీకంటే నేనే ఎక్కువసార్లు చెప్పి ఉంటాను."

డెస్ కర్ర మీద ఆనుకుని నవ్వాడు. "సరే. నీవాడిది నాలుగు నిమిషాల లోపు పని. మా హారింగ్టన్ సంగతి చూడు. కార్నూస్టీలో, ఆఖరి గుంటలో, బ్రిటిష్ ఓపెన్ చేతికి అందేవేళకి బంతిని వాగులో వేశాడు. ఒకసారి కాదు, రెండుసార్లు. లోకమంతా చూస్తోంది. ఇంకొకడైతే బంతితోపాటు తనూ దూకేసేవాడు. ఆయన నిదానంగా నడుచుకుంటూ వెళ్ళి ఆ గుంట పూర్తి చేసి, ఆ పైన అదనపు ఆటలో గెలిచాడు. పరుగులో తప్పు చేస్తే దాన్ని తల్చుకునే తీరిక ఉండదు. గోల్ఫ్‌లో తప్పు చేస్తే, ఆ తప్పు పడివున్న చోటి దాకా నీ కాళ్ళతో నువ్వే నడిచి వెళ్ళాలి."

"నడవడానికేముంది, సంచీ మోసేవాడు వేరే ఉంటాడుగా!"

"అదిగో, మళ్ళీ సంచీ దగ్గరికి వచ్చావు!" అని డెస్ కర్ర గాల్లోకి ఎత్తాడు.

ఈ వాదన ఈస్టరుకి ముందు మొదలైంది. ఐర్లండ్ గడ్డ మీద పుట్టిన ఆటగాళ్ళలో అందరికంటే గొప్పవాడెవరు? డెస్ ఈ ములింగార్ ఊళ్ళోనే బస్సు నడిపి రిటైరైనవాడు, ఊరి గోల్ఫ్ క్లబ్బులో పాత మెంబరు. పక్క జిల్లా కుర్రాడు లౌరీ పోయిన వేసవిలోనే పోర్ట్‌రష్‌లో ఓపెన్ గెలిచి వచ్చాడన్న గర్వం ఇంకా ఆయన గొంతులో ఉంది. మాస్టారికి పరుగు తప్ప మిగతావన్నీ కాలక్షేపాలే. ఇప్పుడు క్లబ్బు మూశారు. డెబ్బయి దాటినవాళ్ళు గడప దాటకూడదన్నారు. దానికి 'కకూనింగ్' అని పేరు పెట్టారు. పట్టుపురుగు గూటికి వాడే మాటని మనుషులకి వాడినందుకు మాస్టారికి మొదటిరోజే ఒళ్ళు మండింది. చర్చిలో మనవరాలి మొదటి సత్ప్రసాదం పండక్కని ఫిబ్రవరిలో వచ్చాడాయన. పండగ వాయిదా పడింది. విమానాలు ఆగిపోయాయి. వచ్చిన పనీ లేదు, వెళ్ళే దారీ లేదు.

"నోరా ఏమంది?" అని అడిగాడు మాస్టారు, గొంతు కాస్త తగ్గించి.

నోరా డెస్ భార్య. పక్షవాతం వచ్చి రెండేళ్ళుగా ఊరి చివర నర్సింగ్ హోంలో ఉంటోంది. మనుషుల్ని లోపలికి రానివ్వడం ఆపేశాక డెస్ రోజూ సాయంత్రం ఫోన్ చేస్తాడు, అక్కడి అమ్మాయి ఎవరో ఆమె చెవి దగ్గర పట్టుకుంటుంది. చెప్పడానికి రోజంతా ఇంట్లో ఏం జరుగుతుంది గనక! అందుకని గోడ దగ్గరి వాదనంతా పూస గుచ్చినట్టు చెప్తాడు.

"నోరా నీ పక్షమే. కార్క్ జిల్లా మనిషి కదా, పరుగు పందేల సోనియా వాళ్ళ ఊరి పిల్ల. అట్లాంటాలో జబ్బుతో పరుగు మధ్యలో ఆగిపోయి, బిడ్డని కని, మరుసటి ఏడాది సిడ్నీలో వెండి పతకం తెచ్చింది, మీ గోల్ఫర్లని ఒక బిడ్డని కని రమ్మను అంటోంది. జేవియర్‌తో చెప్పు, నీకు అండగా నేనున్నానని, అంది."

మాస్టారు గోడ మీద అరచేత్తో చరిచాడు. "చూశారా! తీర్పు అయిపోయింది."

"రేపు చూద్దాం," అన్నాడు డెస్. "అన్నట్టు, పొద్దున నీ నడక చూశాను. మా పైగది కిటికీలోంచి బాగా కనిపిస్తావు. చేతులు ఊపుతూ సైన్యం నడిచినట్టు నడుస్తావే!"

మాస్టారు ఇంటివైపు ఒకసారి చూసుకుని వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

*

ఇళ్ళ మధ్యలో పెద్ద పచ్చిక ఉంది. ఇక్కడివాళ్ళు గ్రీన్ అంటారు. ఈస్టరు దాటిన మర్నాటి నుంచి మాస్టారు పొద్దున్నే అల్లుడు లేవకముందే కాన్వాసు బూట్లు చేత్తో పట్టుకుని మెట్లు దిగేవాడు. తలుపు బయట కూచుని లేసులు కట్టుకునేవాడు. అల్లుడు ప్రసన్న కుమార్ లెపర్డ్స్‌టౌన్‌లో కంప్యూటర్ ఉద్యోగి. ఇప్పుడా ఆఫీసు పైగదిలోకి వచ్చి కూచుంది, రాత్రి పొద్దుపోయేదాకా హెడ్‌ఫోన్స్‌తో మాట్లాడుతూనే ఉంటాడు, ఆలస్యంగా లేస్తాడు. కూతురు రోజీ ఆసుపత్రిలో నర్సు. ఆమె డ్యూటీకి వెళ్ళాకే మాస్టారు బయల్దేరేది. బయటికి వెళ్ళొద్దని ఆమె చెప్పింది. బతిమాలింది. ఒకసారి మెట్ల మీద కూచుని ఏడ్చింది కూడా. ఆయన సరేనని తలాడించి మర్నాడు మళ్ళీ బూట్లు తీసుకున్నాడు. ఇన్నేళ్ళలో తెల్లవారాక పక్క మీద ఉన్న రోజు ఆయనకి గుర్తులేదు. కాళ్ళు కదలకపోతే తల కూడా కదలదని ఆయన నమ్మకం.

ఆ ఏప్రిల్‌లో ఎండలు బాగా కాశాయి. ఒక పొద్దున గడ్డి మీద మంచు మెరుస్తోంది. కుక్కని తిప్పే ఆవిడ దూరం నుంచే "గ్రాండ్ మార్నింగ్" అంది. డెస్ ఇంటి పైకిటికీలో పరదా పక్కకి జరిగింది, టీ కప్పు ఒకటి పైకి లేచింది. మాస్టారు చెయ్యెత్తి చూపించి ఛాతీ ఇంకొంచెం ముందుకి పెట్టి నడిచాడు.

రెండో చుట్టులో ఉండగా తెల్ల కారు వచ్చి గట్టు పక్కన ఆగింది. కారు మీద పసుపూ నీలం చారలు. కుర్ర గార్డు దిగాడు. ఇక్కడ పోలీసుని గార్డు అనే అంటారు. బుగ్గల మీద ఇంకా మొటిమలున్నాయి. తన బడి పిల్లల్లో ఒకడిలా ఉన్నాడనుకున్నాడు మాస్టారు.

"గుడ్ మార్నింగ్, సర్. ఏమీ అనుకోకపోతే, మీ వయసెంత?"

"డెబ్బై రెండు."

"అయితే మీరు లోపల ఉండాలి సర్. మీ గురించి దిగులుపడి ఒకరు మాతో ఒక మాట అన్నారు. తప్పేమీ లేదు, యూ ఆర్ గ్రాండ్. ఇంటి దాకా మీతో వస్తాను."

"నేనే వెళ్తాను."

"వెళ్తారు సర్. నేను ఊరికే పక్కన వస్తాను."

గార్డు కారెక్కి, మాస్టారి అడుగుకి తగ్గట్టు మెల్లగా పక్కనే నడిపించాడు. పచ్చిక చుట్టూ ఉన్న ఇళ్ళల్లో ఒక్కొక్క పరదా జరుగుతోంది. ఒక గుమ్మంలో పైజమాతో నిలబడ్డ ఆయన పాలసీసా చేత్తో పట్టుకుని అలాగే చూస్తున్నాడు. సాయంత్రాలు ఇదే పచ్చిక మీద కుర్రాళ్ళు బంతాడుతారు. డెస్ కూడా కర్ర తెచ్చుకుని ఆ మూల నిలబడి బంతులు కొడతాడు. ఆయనకీ డెబ్బయి దాటింది. ఆయన పక్కన ఏ కారూ నడవలేదు. ఇన్ని వందల మంది పిల్లల్ని వరసలో నడిపించిన మనిషిని ఇవాళ కారు పక్కన పెట్టి ఇంటికి తోలుతున్నారు. మాస్టారి చేతులు ఊగడం మానేశాయి. డెస్ ఇంటి ముందుకి వచ్చేసరికి తల పైకెత్తకుండా ఉండలేకపోయాడు. కిటికీలో పరదా మూసి ఉంది.

ప్రసన్న కుమార్ నిక్కరుతో కిందికి పరుగెత్తుకొచ్చాడు. గార్డుకి మూడుసార్లు సారీ చెప్పి, తలుపు మూసి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

"మామయ్యగారూ, మీకేమన్నా అయితే నేనెవరికి జవాబు చెప్పుకోవాలండీ? మీరు విజిట్ వీసా మీద ఉన్నారు. గార్డులు ఇంటికొచ్చారంటే రేపు ఏమవుతుందో నాకే తెలీదు."

మాస్టారు కుర్చీలో కూచుని బూటు లేసు ముడి విప్పుకోబోయాడు. ముడి బిగుసుకుంది. అల్లుడి ముందు దాంతో తంటాలు పడటం ఇష్టంలేక పాదం కుర్చీ కిందికి లాక్కున్నాడు.

సాయంత్రం రోజీ పక్క గేటులోంచి పెరట్లోకి వచ్చింది. నేరుగా ఇంట్లోకి రాదు. పెరటి షెడ్‌లో బట్టలు మార్చుకుని, విప్పినవి సంచిలో మూటగట్టి, వాషింగ్ మిషన్లో వేసి, స్నానం చేశాకే మనుషుల్లోకి వస్తుంది. వచ్చినా చిన్నగదిలో విడిగా పడుకుంటుంది. మార్తాతో మెట్ల కింద నిలబడి మాట్లాడుతుంది. ముక్కు మీద మాస్కు ఒత్తిన గీత ఎర్రగా ఉంది.

"గార్డు వచ్చాడంట గదా నాన్నా," అంది సంచి మూతి కడుతూ, తలెత్తకుండా.

"పక్కింటాయన చెప్పాడమ్మా. రోజూ కిటికీలోంచి చూసేది ఆయనొక్కడే. నవ్వుతా మాట్లాడతా, ఎనకమాల ఈ పని చేశాడు. ఆయనైతే ఆడుకోవచ్చు, మనం నడవగూడదు. మన రంగు చూడబట్టేగా!"

రోజీ సంచి ముడి మళ్ళీ విప్పి, మళ్ళీ కట్టింది.

"ఇంక బయటికి పోవుగా?" అంది.

"ఎట్టా పోతాను? తాళంచెవి మీ ఆయన జేబులో ఉంది."

ఆమె సంచి తీసుకుని మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది.

*

మర్నాడు మధ్యాహ్నం గోడ అవతల నుంచి పిలుపు వినిపించింది. "జేవియర్! ఉన్నావా?"

మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. మార్తా తలుపు దగ్గరికొచ్చింది.

"తాతా, డెస్ ఈజ్ కాలింగ్ యూ."

"నిద్రపోతున్నానని చెప్పమ్మా."

"బట్ యు'ర్ నాట్ అస్లీప్."

"చెప్పు, ఫో."

పిల్ల పెరట్లోకి వెళ్ళి గట్టిగా అరిచింది. "హీ సేజ్ హీజ్ అస్లీప్!" అవతల నవ్వు వినిపించింది. "అలాగా, అయితే నిద్రపోతున్న మనిషికి చెప్పు, సోనియా గురించి నేనొక కొత్త సంగతి చదివానని."

ఆ నవ్వు మాస్టారికి కారంలా తగిలింది. చేసిందంతా చేసి ఎంత తేలిగ్గా నవ్వుతున్నాడు!

తర్వాతి రోజూ పిలిచాడు. ఆ తర్వాత పిలుపు లేదు గానీ, ఒక గోల్ఫ్ బంతి గోడ దాటి వచ్చి బంగాళదుంపల మడిలో పడింది. మర్నాడు ఇంకోటి. గురి తప్పే మనిషి కాదు డెస్. మార్తా వాటిని ఏరుకొచ్చి, తిరిగి ఇచ్చేసి వస్తానంది. మాస్టారు వాటిని తీసుకుని వంటింటి గూట్లో పప్పు డబ్బాల వెనకాల పడేశాడు. ఎగతాళి చేస్తున్నాడనుకున్నాడు.

ఇంట్లో రోజులు ఒకదానిలోంచి ఒకటి ఊడిపడుతున్నాయి. పైన అల్లుడి గొంతు, కింద మార్తా ఆన్‌లైన్ బడి. మాస్టారు హాలుకీ వంటింటికీ మధ్య నడిచి చూశాడు. సోఫా అడ్డం. సోఫా జరిపితే అల్లుడు పైనుంచి "ఏంటండీ చప్పుడు" అన్నాడు. నిలబడ్డచోటే మోకాళ్ళెత్తి నడిచాడు. అద్దంలో తన్ను తాను చూసుకుని ఆపేశాడు. అన్నం సగం వదిలేయడం మొదలుపెట్టాడు. మాట్లాడ్డానికి ఎవరూ లేరు. ఉన్న ఒక్కడూ గోడ అవతలివాడు.

ఒకరోజు మధ్యాహ్నం ఆయనకి ఏదో వెలితిగా అనిపించింది. అదేంటో తెలియడానికి కాసేపు పట్టింది. కర్ర బంతిని తాకే ఆ చిన్న టక్కుమనే చప్పుడు వినిపించడం లేదు. ముందురోజు కూడా వినిపించలేదు.

రాత్రి భోజనాల దగ్గర ప్రసన్న కుమార్ ఫోన్ చూస్తూ, "అయ్యో," అన్నాడు. "డెస్ గారి భార్య పోయిందంట. నర్సింగ్ హోంలోనే, కోవిడ్‌తో. వీధి గ్రూపులో పెట్టారు."

మాస్టారు కలుపుతున్న చెయ్యి ఆపాడు. "ఆయన్ని చూడనిచ్చారా?"

"కిటికీ బయటి నుంచి చూశాడంట."

మాస్టారు కంచం ముందునుంచి లేచి పెరటి తలుపు దాకా వెళ్ళాడు. నీలం పీట గోడ పక్కనే ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు. ఎక్కి, డెస్ అని ఒక్క పిలుపు పిలిస్తే చాలు. గడియ మీద చెయ్యి వేశాడు. అప్పుడు పక్కన కారు నడుస్తున్నట్టూ, పరదాలు జరుగుతున్నట్టూ అనిపించింది. ఆ మనిషి దగ్గరికా నేను వెళ్ళేది అనుకున్నాడు. చెయ్యి తీసేసుకున్నాడు. వెనక్కి వచ్చి కంచంలోనే చెయ్యి కడిగేసుకున్నాడు.

*

శవపేటిక ఉన్న కారు వీధిలోంచి వెళ్తుందని ముందే తెలిసింది. చర్చిలోకి పదిమందిని మించి రానివ్వరు కాబట్టి, ఎవరి గేటు దగ్గర వాళ్ళు నిలబడి సాగనంపుతారు. ఆ రోజు రోజీకి సెలవు. ప్రసన్న కుమార్ కోటు వేసుకున్నాడు, మార్తా మొదటి సత్ప్రసాదానికి కొన్న తెల్ల బూట్లు వేసుకుంది. మాస్టారు హాల్లో కుర్చీలోంచి కదల్లేదు.

రోజీ లోపలికొచ్చి, గోడకి ఆనుకుని దూరంగా నిలబడింది. "నాన్నా, లే. గేటు దాకా రావచ్చు."

"నాకెందుకమ్మా బయటికి? మళ్ళీ గార్డుని పిలుస్తాడు."

"ఈ రోజు కూడానా నాన్నా!"

"ఆ తల్లికి ఇక్కణ్ణుంచే చేతులెత్తి దణ్ణం పెడతాను. ఆయన మొహం మాత్రం చూడను."

రోజీ కిటికీవైపు చూసింది. బయట ఎవరో సర్దుకుని నిలబడుతున్న చప్పుడు, ఒక కుక్క అరుపు.

"ఆయన కాదు," అంది.

"ఏంటి?"

"గార్డుకి చెప్పింది ఆయన కాదు నాన్నా. నేను. రోజూ డ్యూటీకి పోయేటప్పుడు రోడ్డు మీద ఆపుతారు గదా, ఆ అబ్బాయికి చెప్పాను. మా నాన్న నా మాట వినడు, యూనిఫాం వేసుకున్నోళ్ళ మాటైతే వింటాడు, ఒక్కసారి చెప్పండి అని అడిగాను. అందరి ముందూ నడిపించుకొస్తాడని అనుకోలా."

మాస్టారికి ముందు మాటలు వినపడ్డాయి. వాటి అర్థం తర్వాత వచ్చింది. "కన్నతండ్రిని పోలీసుకి పట్టిచ్చావా?" అన్నాడు. గొంతు ఆయనకే కొత్తగా ఉంది. "సరే, ఇచ్చావు. ఆయన మీద నేను అన్ని మాటలంటుంటే విన్నావు గదా! అప్పుడెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఇంట్లోనే ఉన్నావని." రోజీ ముక్కు మీద ఆ ఎర్రగీతని వేలితో నొక్కుకుంది. "ఆయన మీద కోపంతోనన్నా లోపలే ఉన్నావని చెప్పలేదు. మా వార్డులో నీ వయసోళ్ళకి ఫోను చెవి దగ్గర పట్టుకుంటున్నాను నాన్నా. అవతల వాళ్ళ పిల్లలు నాన్నా నాన్నా అంటా ఉంటారు. ఈయనకి వినపడుద్దో లేదో తెలవదు. ఫోను పట్టుకున్న చెయ్యి నాదేగా! ఆ చేత్తో ఇంటికొచ్చి అన్నం తింటున్నాను. రేపు నీకు నేనే అంటించి, మళ్ళీ నేనే ఫోను పట్టుకోవాల్సొస్తే..."

ఆయన లేచాడు. ఆమెవైపు ఒక అడుగు వేశాడు. రోజీ చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడే ఉండు. దగ్గరికి రావద్దు నాన్నా."

ఇద్దరూ హాలుకి చెరో చివర నిలబడ్డారు. కూతురు ఏడుస్తుంటే తల మీద చెయ్యి వెయ్యకుండా నిలబడ్డం ఆయనకి ఎప్పుడూ చేతకాలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబులు వెతుక్కున్నాడు. జేబుల్లేని లుంగీలో ఉన్నాడు.

బయట చప్పట్లు మొదలయ్యాయి. ఇక్కడ పోయినవాళ్ళని అలా సాగనంపుతున్నారు ఈ రోజుల్లో. మాస్టారు అదే లుంగీతో, చెప్పుల్లేకుండా, తలుపు దాటి గేటు దాకా వచ్చాడు. నల్లకారు అప్పటికే వాళ్ళ ఇల్లు దాటింది. దాని వెనక కారులో డెస్ ఒక్కడే కూచుని ఉన్నాడు. తలకి టోపీ లేదు. అటువైపు ఇళ్ళకేసి చూస్తూ తల వంచుతున్నాడు. మాస్టారు చెయ్యెత్తాడు. కారు మలుపు తిరిగింది. చప్పట్లు ఆగిపోయి, ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నాక కూడా ఆయన గేటు పట్టుకుని నిలబడ్డాడు. మార్తా వచ్చి ఆయన లుంగీ అంచు పట్టుకుంది.

ఆ సాయంత్రం ఆయన పీట ఎక్కాడు. అవతల గడ్డి మీద బట్టల బుట్ట బోర్లా పడి ఉంది. వంటింటి తలుపు మూసి ఉంది. పిలవడానికి నోరు తెరిచాడు. ఏమని పిలవాలో తెలియలేదు. పిలవకుండానే దిగాడు.

*

మే నెలలో పెద్దవాళ్ళు నడకకి బయటికి రావచ్చన్నారు. ఒకరికొకరు దూరంగా, ఎవర్నీ తాకకుండా. పొద్దున్నే ప్రసన్న కుమార్ తనే తలుపు తీసిపెట్టి, "వెళ్ళిరండి మామయ్యగారూ," అన్నాడు. కాస్త సిగ్గుపడ్డట్టుగా అన్నాడు. రోజీ డ్యూటీకి బయల్దేరుతూ కారు అద్దం దించింది. "టోపీ పెట్టుకో నాన్నా. చలిగా ఉంది." అంతకంటే ఎక్కువ వాళ్ళ మధ్య ఇంకా మాటలు మొదలవ్వలేదు. ఆయన లోపలికెళ్ళి టోపీ తెచ్చుకుని, ఆమె చూస్తుండగా పెట్టుకున్నాడు.

పచ్చిక అంచున డెస్ నిలబడి ఉన్నాడు. చేతిలో గోల్ఫ్ కర్ర తలకిందులుగా ఉంది, దాని మీద ఆనుకున్నాడు. చొక్కా కాలరు మెడకి వదులైంది. మాస్టారు రెండు బారల దూరంలో ఆగాడు.

"నోరా గురించి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు.

"అవును," అన్నాడు డెస్. పచ్చికకేసి చూస్తూ, "నీకు ఒంట్లో బాగా లేదేమోననుకున్నాను. పిలిచాను. ఒకటి రెండు బంతులు కూడా పంపించాను, నువ్వు తిరిగి విసురుతావని."

అవునని చెప్తే అక్కడితో అయిపోయేది. జ్వరం వచ్చిందని ఒక్క మాట. మాస్టారు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఒంట్లో బాగానే ఉంది. గార్డుకి చెప్పింది మీరనుకున్నాను. అందుకని రాలేదు."

డెస్ మొహం తిప్పి ఆయన్ని చూశాడు. కుక్కని తిప్పే ఆవిడ దాటి వెళ్తూ, పలకరించబోయి, ఇద్దరి మొహాలూ చూసి ఊరుకుంది.

"నేనా!"

"కిటికీలోంచి మీరే చూసేవారు."

"చూసేవాణ్ణి. చూసి నోరాకి చెప్పేవాణ్ణి, ఇవాళ నీ మనిషి ఇన్ని చుట్లు కొట్టాడని. ఆ రోజు కారు రావడం చూసి, నీకు చిన్నతనంగా ఉంటుందని పరదా వేసేశాను." కర్ర ఇంకో చేతిలోకి మార్చుకుని అడిగాడు. "మరి ఎవరు చెప్పారు?"

"మా అమ్మాయి."

డెస్ తలాడించాడు. "మంచి పిల్ల," అన్నాడు.

మాస్టారికి కళ్ళు మండాయి. తిట్టినా బాగుండేది. "నన్ను క్షమించాలి," అన్నాడు. తర్వాత, ఇంకేం ఇవ్వగలడో తోచక, "మీ హారింగ్టనే గొప్పవాడు. ఒప్పుకుంటున్నాను," అన్నాడు.

"ఆ మాట అనకు." డెస్ కర్ర నేలకేసి కొట్టాడు. "ఇప్పుడా మాట అంటే నేనూరుకోను. నువ్వు గెలిచావు. నీకు తెలీదు గానీ, గెలిచావు."

"ఎప్పుడు?"

"నోరా రోజూ అడిగేది, జేవియర్ ఇవాళ ఏమన్నాడు అని. రాలేదని ఎలా చెప్పను? వేరే చెప్పడానికి నా దగ్గరేముంది? నీ మాటలు నేనే కల్పించి చెప్పాను. నా పక్షం నేనే వాదించి, నీ పక్షం కూడా నేనే వాదించాను. నీ ఇంగ్లీషులోనే చెప్పేవాణ్ణి, నవ్వేది." ఆయన మీసం తుడుచుకున్నాడు. "చివరి రోజున కిటికీ బయట నిలబడి ఫోన్‌లో చెప్పాను. జేవియర్ ఇలా అన్నాడు, గోల్ఫ్ ఆడేవాడు అలసిపోతే కర్రకి ఆనుకుని నిలబడొచ్చు, చుట్టూ చూడొచ్చు, సంచీ మోసేవాడితో మాట్లాడొచ్చు. పరుగెత్తేవాడికి తన ఊపిరి తప్ప వేరే ఏమీ ఉండదు. ఉన్న ఊపిరితోనే చివరిదాకా పోవాలి, అన్నాడని చెప్పాను. ఆమెకి అప్పుడు ఊపిరి అందడం లేదు. కిటికీ అద్దంలోంచి నన్నే చూస్తోంది. జేవియర్‌కి తెలుసు, అంది. ఆ తర్వాత ఇంకేమీ మాట్లాడలేదు."

పచ్చిక మీద ఎండ పడింది. ఎక్కడో ఎవరో గడ్డి కోసే మిషన్ మొదలుపెట్టి ఆపేశారు. మాస్టారికి ఆ మాట తనదైతే బాగుండుననిపించింది. ఇన్నేళ్ళు ఇంతమంది పిల్లలకి పరుగు నేర్పి, ఆయన ఎప్పుడూ ఆ మాట అనలేదు. వేగం గురించే చెప్పాడు. మోచేతులు, మడమలు, గీత దాటేటప్పుడు ఛాతీ. ఊపిరి గురించి చెప్పింది గోల్ఫ్ ఆడే బస్సు డ్రైవరు.

"నడుద్దామా?" అన్నాడు డెస్.

మాస్టారు ముందు నడిచాడు, నియమం ప్రకారం దూరం ఉంచుకుని. ఇన్నాళ్ళు ఇంట్లో పడుకుని కాళ్ళు చెక్కల్లా ఉన్నాయి. అయినా కొన్ని అడుగులు వేసేసరికి పాత అలవాటు వచ్చేసింది, చేతులు ఊగాయి, మడమలు పడ్డాయి. వెనక డెస్ కర్ర గడ్డిలో గుచ్చుకుంటున్న చప్పుడు దూరమవుతోంది. మాస్టారు అడుగు తగ్గించాడు. ఇంకా తగ్గించాడు. పచ్చిక మలుపులో కర్ర చప్పుడు పూర్తిగా ఆగింది. డెస్ వగర్చడం వినిపించింది. మాస్టారూ ఆగాడు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆయన తొందరపడతాడు. ఆగిన చోటే వంగి, బాగానే ఉన్న లేసు విప్పి, మళ్ళీ కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆ వగర్పు నెమ్మదించేదాకా, ఒక కాలు అయ్యాక రెండో కాలు, తీరిగ్గా కట్టుకున్నాడు.